వేడెక్కాక స్లో నిలవట్లేదు: ఒకసారి రేసు దిగదు, ఇంకోసారి బండే ఆగిపోతుంది

పొదిలి రోడ్డు:

అందరికీ నమస్కారం. నాది 150 సీసీ, 2013 మోడల్, కార్బురేటర్ బండి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు కనపడగానే ఆ కంపెనీ గొప్పదా, ఈ కంపెనీ గొప్పదా అని వాదన మొదలవుతుంది, నా బండి సంగతి పక్కకు పోతుంది.

నేను గోపాలమిత్రను. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి వైపు పల్లెల్లో ఎదకొచ్చిన ఆవులకూ గేదెలకూ సూదులు వేస్తుంటాను. వెనక సీటు మీద నత్రజని కంటైనర్ కట్టుకుని తిరుగుతాను, వీర్యం స్ట్రాలు అందులోనే ఉంటాయి. ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కంటైనర్ ఎప్పుడూ నిటారుగా ఉండాలి, బండి పడితే అంతే సంగతులు. అందుకని నాది స్పీడు బండి కాదు. గొడ్ల చావిళ్ల మధ్య సందుల్లో ఫస్ట్ గేరులో, క్లచ్చు పట్టుకుని పాకుతూ పోయే బండి. పికప్ తక్కువైనా నాకు ఫరవాలేదు, స్లో (రేసు ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) మాత్రం నిలవాలి. చావిడి ముందు బండి ఉన్నట్టుండి రయ్యిమని లేచిందంటే కట్టేసిన గేదె బెదిరి తాడు తెంపుకునేంత పని చేస్తుంది. ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం రైతు వల్లా కాదు, నా వల్లా కాదు.

ఇక జబ్బు. పొద్దున్నే చోక్ వేసి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. చోక్ తీశాక ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు ముల్లు 1400 దగ్గర చక్కగా నిలబడుతుంది. ఒక అరగంట తిరిగి ఇంజన్ బాగా వేడెక్కాక మొదలవుతుంది తమాషా. స్పీడ్ బ్రేకర్ దగ్గర రేసు వదిలేసి క్లచ్చు పట్టుకుంటే ముల్లు కిందికి రాదు. 2500, ఒక్కోసారి 3000 దగ్గర వేలాడి, మెల్లగా దిగుతుంది. ఇంకోసారి అదే స్పీడ్ బ్రేకర్ దగ్గర 1400 దాటి ఇంకా కిందికి పోయి బండే ఆగిపోతుంది. ఊరికే నిలబెట్టి చూస్తే 1000కీ 2000కీ మధ్య పైకీ కిందికీ ఊగుతుంటుంది. రేసు వదిలి దిగుడులో వస్తుంటే సైలెన్సర్‌లో టప్ టప్‌మని శబ్దం. రోడ్డెక్కి 50, 60లో పోతే మాత్రం ఏ లోపమూ లేదు, వెన్నలా పోతుంది.

ఇప్పటిదాకా జరిగిన వైద్యం ఇదీ. ప్లగ్గు కొత్తది వేయించాను. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ తెల్లగా పూత పూసినట్టు అవుతుంది, అదీ మార్పించాను. కార్బురేటర్ కడిగించాను. కొద్దిరోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదటికొచ్చింది. ఏ మెకానిక్ దగ్గరికి పోయినా మొదట స్క్రూడ్రైవర్ తీసి ఆ స్లో స్క్రూ తిప్పుతాడు. బండి ఆగిపోతోందంటే పైకి తిప్పుతాడు, రేసు దిగట్లేదంటే కిందికి తిప్పుతాడు. ఆఖరుగా చూసినాయన "బోరుకొచ్చింది, ఇంజన్ విప్పాలి" అన్నాడు. పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు. విప్పేముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి. చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకోగలను, ఇంట్లో పానాల సెట్టు ఉంది.

గుంటూరు రైడర్:

బ్రో, నా బండికీ సేమ్ ప్రాబ్లం వచ్చింది. థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించి, సర్వీస్ వాళ్ల దగ్గర కంప్యూటర్ పెట్టించి రీసెట్ కొట్టించాను, సెట్ అయిపోయింది. ఐడిల్ వాల్వ్‌లో కార్బన్ పట్టిందన్నారు. టెన్షన్ పడకు, ఇంజన్ విప్పనివ్వకు.

పదో నంబర్ పానా:

రైడర్ బాబూ, నీది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక దాదాపు అన్నీ అవే. ఈ తమ్ముడిది 2013 కార్బురేటర్ బండి. దానికి రీసెట్ కొట్టడానికి కంప్యూటర్ ఎక్కడుంది? ఆఖరి మాట మాత్రం కరెక్టుగా చెప్పావు, ఇంజన్ విప్పనివ్వకూడదు.

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపినవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను కుర్చీ వేసుకుని కూర్చుని తప్పులు పడుతుంటాను. నువ్వు రాసినదాంట్లో ఇంజన్ విప్పాల్సిన లక్షణం ఒక్కటీ లేదు. బోరు పోయిన, అంటే సిలిండరు అరిగిన బండి పొగ విడుస్తుంది, ఆయిల్ తాగుతుంది, ఇద్దరు కూర్చుంటే ఫ్లైఓవర్ ఎక్కడానికి ఏడుస్తుంది. పొద్దున్నే సెల్ఫ్‌కి వెంటనే అందుకుని 60లో నున్నగా పోయే బండికి బోరేంటి?

నువ్వు చెప్పినదాంట్లో అసలు ఆనవాలు ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రేసు వదిలాక ముల్లు పైన వేలాడటం. పెట్రోలు ఎక్కువైన బండి అలా చేయదు. ఎక్కువైతే దభేల్న కిందికొచ్చి, గుడగుడలాడి ఆగిపోతుంది, ప్లగ్గు నల్లగా మసి పడుతుంది. పైన వేలాడేది గాలి ఎక్కువైన బండి. దిగుడులో సైలెన్సర్ టప్ టప్‌మనడం కూడా ఎక్కువగా ఆ కుటుంబానిదే. నీ కొత్త ప్లగ్గు ఒకసారి విప్పి చూడు. పింగాణీ ముక్కు ఇటుకపొడి రంగులో, లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే నా అనుమానం నిజమే.

మరి ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? కార్బురేటర్ ద్వారా వచ్చే గాలికి లెక్క ఉంది, దానికి తగ్గ పెట్రోలు జెట్టు, అంటే లోపలి సన్న రంధ్రం, కలుపుతుంది. లెక్క లేకుండా దొంగదారిన వచ్చే గాలి కార్బురేటర్ దాటాక, ఇంజన్‌లోకి పోయేముందు దూరుతుంది. ఆ మధ్యలో ఉండేది ఇన్లెట్ రబ్బరు. కొందరు ఇన్సులేటర్ అంటారు, కొందరు మ్యానిఫోల్డ్ అంటారు. పదేళ్లు దాటిన బండికి ఆ రబ్బరు ఇంజన్ వేడికీ పెట్రోలు ఆవిరికీ ఎండి బిర్రుగా అవుతుంది, పగుళ్లిస్తుంది. నువ్వు రేసు పూర్తిగా వదిలినప్పుడు థ్రాటిల్, అంటే కార్బురేటర్‌లో గాలి తలుపు, మూసుకుంటుంది, ఇంజన్ మాత్రం ఇంకా తిరుగుతూ పీలుస్తూనే ఉంటుంది. ఆ రబ్బరు లోపల పీల్పు అప్పుడే అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. సన్న పగులు ఉన్నా అందులోంచి గాలి లాగేస్తుంది. అది థ్రాటిల్ కొంచెం తెరిచిపెట్టినట్టే పనిచేస్తుంది కాబట్టి రేసు దిగదు. రోడ్డు మీద 60లో పోయేటప్పుడు కార్బురేటర్ నిండా గాలి పోతుంటుంది, పగులులోంచి వచ్చే చారెడు గాలి ఏ లెక్కలోకీ రాదు. నీ బండి వెన్నలా పోతోందని ఎందుకు అనిపిస్తోందో అర్థమైందా?

ఇంజన్ ఆగిపోవడం దీనికి తోడు. ఆ మెకానిక్‌లు స్లో స్క్రూ ఒకసారి పైకీ ఒకసారి కిందికీ తిప్పారన్నావు కదా. పగులు నోరు తెరిచినప్పుడు సరిపోయేలా పెట్టిన స్లో, పగులు మూసుకున్నప్పుడు చాలదు. ఒకే స్క్రూతో రెంటికీ సర్ది పెట్టడం ఎవరి వల్లా కాదు, నా వల్లా కాదు. అందుకే ఆ స్క్రూని ఇక ముట్టుకోకు, ముట్టుకోనివ్వకు.

ముందు తేలికది చూడు. బండి స్టార్ట్ చేసి సెంటర్ స్టాండ్ వేసి, హ్యాండిల్ ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పు. తిప్పేటప్పుడు రేసు మారిందంటే తప్పు కేబుల్‌ది. ఎక్కడో బిగుసుకుంటోంది. యాక్సిలరేటర్ గ్రిప్పుకి 2, 3 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. వదిలితే టక్కున వెనక్కి కొట్టుకోవాలి. ఇది తేలకుండా మిగతావి చూడటం దండగ.

కేబుల్ బాగుంటే ఒక గుడ్డ నీళ్లలో తడిపి, పిండి, కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న రబ్బరు చుట్టూ గట్టిగా చుట్టు. స్లో మారిందా? మారితే దొంగ దొరికినట్టే. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూడమని యూట్యూబ్‌లో చెప్తారు. అది అంటుకుంటుంది, కిందే కాలుతున్న సైలెన్సర్ బెండు. నా షెడ్డులో చేయనివ్వను, నిన్నూ చేయొద్దంటాను. రబ్బరు దగ్గరే ఒక సన్న గొట్టం కూడా ఉంటుంది, సైలెన్సర్‌కి గాలి పంపే వాల్వుకి పోతుంది. దాని మూతి వదులైనా ఇదే గోల, అదీ తడిమి చూడు.

అదీ కాకపోతే అప్పుడు కార్బురేటర్ లోపలికి పోదాం. చూసి రాయి.

సింహపురి:

ఇన్ని మాటలు అక్కర్లేదు అన్నా. ఇదంతా ఈ-20 పెట్రోలు మహిమ. పాత బండ్లన్నీ ఇలాగే అవుతున్నాయి. మా వీధిలో ముగ్గురి బండ్లు ఇంతే. పెట్రోలులో ఇథనాల్ కలిపాక మైలేజీ పోయింది, స్లో పోయింది. రబ్బరు మార్చినా ఏమీ కాదు, పెట్రోలు మారితేనే.

పాలిటెక్నిక్ మేడమ్:

సింహపురి గారూ, మీ మాటలో సగం నిజముంది. ఆ సగం ఏదో చెప్తాను.

పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి దానికి 9 పాళ్లు చాలు. 20 శాతం కలిపిన పెట్రోలుకి లెక్క వేస్తే సుమారు 13.5 వస్తుంది. అంటే పాత పెట్రోలుకి సరిపోయేలా పెట్టిన జెట్టు, ఈ-20కి వచ్చేసరికి కొంచెం తక్కువ పోస్తున్నట్టు. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండి ఆ తేడా తనే సర్దుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. ఇథనాల్‌లో శక్తి కూడా పెట్రోలు కంటే తక్కువ, మైలేజీ కొంత తగ్గడం సహజమే. అందుకోసం తయారుకాని పాత రబ్బరు భాగాలకు ఇథనాల్ అంత మంచిది కాదన్నదీ నిజమే. ఇక్కడిదాకా మీతో ఏకీభవిస్తాను.

కానీ పెట్రోలు వల్లే అయితే తేడా ఎప్పుడూ ఒకేలా ఉండాలి. పొద్దున 1400 దగ్గర నిలిచి, అరగంట తర్వాత ఊగడం మొదలైందంటే ఆ అరగంటలో ట్యాంకులో పెట్రోలు మారలేదు, ఇంజన్ వేడి మారింది. వేడికి మారేవి ఏమిటో చూడాలి. రబ్బరు ఒకటి. ట్యాపెట్ ఖాళీ, అంటే వాల్వు దగ్గర వదిలే సన్న సందు, ఒకటి. ఇగ్నిషన్ కాయిల్ ఒకటి, అయితే కాయిల్ పోయేటట్టుంటే రోడ్డు మీద కూడా మిస్ కొట్టాలి, వారు అది లేదంటున్నారు. పానా గారి దారే నాకూ సరైనదనిపిస్తోంది.

గోపాలమిత్ర గారూ, ఇంకో చిన్న పరీక్ష. బండి ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చిన శబ్దం వస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. మీ రోడ్ల మీద అంత దుమ్ము అంటున్నారు కాబట్టి చెప్తున్నాను. అయితే దాని వల్ల ఆగిపోవడం ఉంటుంది కానీ రేసు వేలాడటం అంతగా ఉండదు.

పొదిలి రోడ్డు:

అందరికీ ధన్యవాదాలు. చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

ట్యాంకు మూత తెరిస్తే ఏ శబ్దమూ లేదు. హ్యాండిల్ ఇటూ అటూ తిప్పితే రేసులో మార్పు లేదు, గ్రిప్పు టక్కున వెనక్కి వస్తోంది. ప్లగ్గు ముక్కు తెల్లగానే ఉంది, పానా అన్న చెప్పినట్టు సున్నం రంగు. ఇక్కడిదాకా మీ లెక్క సరిపోయింది. ఈ పొద్దున బయల్దేరేముందు తడిగుడ్డ చుట్టి చూశాను. ఏమీ మారలేదు. ముల్లు 1400 దగ్గర రాయిలా నిలబడింది. వేళ్లతో తడిమితే పైన, పక్కన రబ్బరు బాగానే తగిలింది. సన్న గొట్టం కూడా బిగువుగానే ఉంది. మరి రబ్బరు కాదనుకోవాలా? కార్బురేటర్ విప్పమంటారా?

పదో నంబర్ పానా:

తొందరపడకు. బయల్దేరేముందు చూశానన్నావు. అప్పుడు నీ బండికి జబ్బెక్కడుంది? 1400 దగ్గర నిలబడ్డ బండికి గుడ్డ చుడితే ఏం మారుతుంది? జ్వరం వచ్చినప్పుడు నాడి చూడాలి కానీ తగ్గాక కాదు. చల్లగా ఉన్నప్పుడు ఆ రబ్బరు బిర్రుగా ముడుచుకుని పగులు అంచులు కలిసే ఉంటాయి. ఇంజన్ వేడికి మెత్తబడి, కార్బురేటర్ బరువుకి కొంచెం వాలినప్పుడు పగులు విచ్చుకుంటుంది. తిరిగొచ్చాక, ముల్లు ఊగుతున్నప్పుడు చూడు. కాళ్లు, చేతులు సైలెన్సర్‌కి దూరంగా పెట్టుకో.

ఇంకొకటి. రబ్బరు పైనా పక్కలా అంతగా పగలదు, అది కంటికి కనపడే చోటు కాబట్టి అందరూ అక్కడే చూస్తారు. ఎక్కువగా పగిలేది కింద, ఇంజన్ వైపు అంచు దగ్గర. కార్బురేటర్ బరువు దాన్ని లాగేది అక్కడే. గుడ్డ చుట్టినప్పుడు ఆ కింది మూలకి తగలకపోయినా తెలియదు. సబ్బు నీళ్లు అక్కడ సరిగ్గా పడేలా కొడితే ఇంకా నయం. దొంగదారి ఉంటే నురగ లోపలికి పీల్చుకుపోతుంది, అదే క్షణం రేసు తడబడుతుంది. కొద్దిగా నీళ్లు లోపలికి పోతే ఇంజన్‌కి ఏమీ కాదు, బకెట్లతో పోయకు చాలు.

గుంటూరు రైడర్:

అన్నా, సబ్బు నీళ్లు అంత సందులోకి ఎలా కొడతాడు? చెయ్యి కూడా పట్టదు కదా.

పొదిలి రోడ్డు:

రైడర్ తమ్ముడూ, నా దగ్గర సిరంజీలకు కరువా? పశువులకు వాడే 20 ఎంఎల్ సిరంజీ, దానికి పొడుగాటి సన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించాను.

దొరికింది. రెండు చుట్లు తిరిగొచ్చి, సందు చివర వేపచెట్టు కింద బండి ఆపితే ముల్లు ఎప్పటిలాగే 1000, 2000 మధ్య ఊగుతోంది. సబ్బు నీళ్లు ముందు రబ్బరు పైన వేశాను, ఏమీ లేదు. కార్బురేటర్ క్లిప్పు దగ్గర వేశాను, ఏమీ లేదు. కింద, ఇంజన్ వైపు అంచు దగ్గరకి గొట్టం పోనిచ్చి నొక్కగానే సుర్రుమని శబ్దం వచ్చి బండి ఆగిపోయినంత పని చేసింది. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. పక్కకి ఒక అంగుళం జరిపి వేస్తే ఏమీ కాలేదు. చోటు అంత కచ్చితంగా తెలిసింది. పక్కనున్న రైతు "బండికి కూడా సూది వేస్తున్నావేంటయ్యా" అన్నాడు.

సాయంత్రం చల్లారాక కార్బురేటర్ వెనక్కి లాగి రబ్బరు విప్పాను. బల్ల మీద పెడితే కొత్తదానిలాగే ఉంది. రెండు చేతులతో విల్లులా వంచితే కింది వైపు గోరంత పొడవు చీలిక నోరు తెరిచింది. గాలి కారకుండా ఆపే లోపలి ఓ-రింగు (రబ్బరు వలయం) కూడా గుండ్రంగా లేదు, నొక్కుకుపోయి బల్లపరుపుగా అయిపోయింది. ఒంగోలులో కొత్త రబ్బరూ ఓ-రింగూ దొరికాయి, ఖర్చు కొన్ని వందలతో తేలిపోయింది. ఇంజన్ విప్పితే ఎంతయ్యేదో తలుచుకుంటే చెమట పడుతోంది.

కొత్తది బిగించాక ఇప్పుడు ముల్లు ఊగడం లేదు, కానీ 2000 దగ్గర నిలబడింది. స్లో స్క్రూ ఇప్పుడు ముట్టుకోవచ్చా అన్నా? కార్బురేటర్‌కి ఇంజన్ వైపు కింద ఇంకో చిన్న స్క్రూ కూడా ఉంది. దాన్ని కూడా ఎవరో ఒకరు తిప్పే ఉంటారు.

పదో నంబర్ పానా:

శభాష్. సిరంజీ ఐడియా మా అబ్బాయికి కూడా చెప్పాను, రేపటి నుంచి షెడ్డులో ఒకటి ఉంటుంది.

ఇప్పుడు ముట్టుకో. 2000 రావడం మంచి గుర్తే. లీకు ఉన్నప్పుడు ఎవరో స్లో పైకి లేపి పెట్టారు, లీకు పోయింది కాబట్టి ఆ లేపిందంతా బయటపడింది. నువ్వు అడిగిన చిన్న స్క్రూ మిక్స్చర్ స్క్రూ, మేము ఎయిర్ స్క్రూ అంటాం. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది కుర్రాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. ఆ స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలు మిశ్రమాన్ని వదిలేది. బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని వదిలేది, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. రెంటికీ ఒకే వైద్యం చేస్తే ఒక బండి బాగవుతుంది, ఇంకోటి చెడుతుంది. నీది ఇంజన్ వైపు ఉందన్నావు కాబట్టి మొదటి రకం.

బండిని బాగా వేడెక్కనివ్వు, ఓ పావుగంట తిరిగిరా. ముందు ఆ చిన్న స్క్రూ లోపలికి నిదానంగా తిప్పుతూ ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. ఆనిన తర్వాత బిగించకు. దాని మొన సూదిలా ఉంటుంది, బిగిస్తే మొనా పోతుంది, కార్బురేటర్ రంధ్రమూ పోతుంది, అప్పుడు నిజంగానే ఖర్చు. మాన్యువల్‌లో ఎన్ని చుట్లు అని ఉంటే అక్కడ పెట్టు, లేదా ఒకటిన్నర, రెండు చుట్ల దగ్గర మొదలుపెట్టు. బండి స్టార్ట్ చేసి పావు పావు చుట్టు తిప్పుతూ, ఒక్కోదానికీ కాస్త ఆగి విను. ఒకచోట రేసు అన్నిటికంటే పైకి, నున్నగా వస్తుంది. అక్కడ వదిలేసి, స్లో స్క్రూతో ముల్లుని 1400కి దించు. ఒకసారి రేసు ఇచ్చి వదిలి చూడు. వేలాడకుండా, ఆగిపోకుండా నేరుగా వచ్చి కూర్చోవాలి. ఎంత తిప్పినా రేసులో మార్పే లేకపోతే మాత్రం స్లోకి పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టులో చెత్త ఉన్నట్టు. నీ కార్బురేటర్ "కడిగారు" అన్నావు. పైన పెట్రోలు పోసి బ్రష్ కొట్టడాన్ని కూడా కడగడమే అంటారు మావాళ్లు. ఆ జెట్టు రంధ్రం కంటికి ఆనదు. అది విప్పి, పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి ఊదాలి. మొండికేస్తే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు పెట్టి చూడాలి. గుండుసూది పెట్టావంటే రంధ్రం పెద్దదై జన్మలో మైలేజీ రాదు.

పొదిలి రోడ్డు:

మార్పు వచ్చింది అన్నా, కాబట్టి జెట్టు బాగానే ఉన్నట్టు. ఆ స్క్రూ మూడు చుట్లకు పైగా బయటికి ఉంది. ఎవరో గాలి లీకుని పెట్రోలుతో పూడ్చాలని చూసినట్టున్నారు. ఇప్పుడు రెండు చుట్లకి కాస్త పైన నున్నగా ఉంది, స్లో 1400. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముల్లు నేరుగా దిగుతోంది, టప్ టప్ శబ్దం దాదాపు పోయింది. నిన్న ఒక చావిడి ముందు బండి ఆపకుండానే రైతుతో మాట్లాడాను, గేదె తల కూడా తిప్పలేదు.

ఒక్కటే మిగిలింది. ఎండలో చాలాసేపు తిరిగాక ఎప్పుడన్నా ఒకసారి 1200కి జారి మళ్లీ వస్తోంది. ఆగిపోవడం లేదు. ఇది వదిలేయొచ్చా?

పాలిటెక్నిక్ మేడమ్:

ట్యాపెట్లు ఎప్పుడు చూపించారు? ఎగ్జాస్ట్ వాల్వుకి ఖాళీ తగ్గిపోతే వేడి మీద అది పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కొంత కారిపోతుంది, స్లోలో ముందు తెలుస్తుంది. చాలా బండ్లకు ఇన్లెట్ కంటే ఎగ్జాస్ట్‌కి ఖాళీ ఎక్కువ ఇస్తారు, అంకెలు మీ మాన్యువల్‌లో ఉంటాయి. టక్ టక్ శబ్దం రావడం లేదు కాబట్టి ట్యాపెట్లు బాగున్నాయనుకోకండి. ఖాళీ ఎక్కువైతేనే శబ్దం, తక్కువైతే బండి నిశ్శబ్దంగానే ఉండి వాల్వు కాలుతుంది. దీన్ని వదిలేయకండి.

పదో నంబర్ పానా:

మేడమ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో సంగతి, ట్యాపెట్ చల్లటి ఇంజన్ మీదే పెట్టాలి. నువ్వు బండేసుకుని షాపుకి పోయి "చూడండి" అంటే వేడి మీదే పెట్టి పంపేస్తారు, లెక్క తప్పుతుంది. సాయంత్రం బండి షాపులో వదిలేసి రా. పొద్దున వాళ్లు తెరవగానే నువ్వు వెళ్లి పక్కన నిలబడు. ఖాళీ కొలిచే రేకులు, ఫీలర్ గేజ్ తీశాడా, చేత్తో ఊపి చూసి సరే అన్నాడా చూడు. చేత్తో ఊపేవాడైతే బండి తీసుకుని వచ్చేయ్.

పొదిలి రోడ్డు:

అలాగే అన్నా. శనివారం సాయంత్రం వదులుతాను, ఆదివారం పొద్దున కేసులు తక్కువ. చివరిగా ఒకటి. పాత రబ్బరు పారేయబుద్ధి కావడం లేదు. ఆ చీలికకి పంక్చర్ సొల్యూషన్ పూసి, పైన ట్యూబు ముక్క అతికించి డిక్కీలో స్పేరుగా ఉంచుకుందామనుకుంటున్నాను. మావైపు పల్లెల్లో ఈ సామాను దొరకదు.

పదో నంబర్ పానా:

వద్దు. పంక్చర్ సొల్యూషన్‌ని పెట్రోలు ఆవిరి కరిగించేస్తుంది, కరిగిన జిగురు లోపలికి పోయి వాల్వు కాండానికి పట్టుకుంటుంది. ఎం-సీల్ పెట్టినవాళ్లనీ చూశాను, అది గట్టిపడి రబ్బరు వంగేచోట ఊడి పడుతుంది. స్పేరు కావాలంటే ఇంకో కొత్తది కొని, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎండ తగలని చోట పెట్టుకో. ఓ-రింగు కూడా ఒకటి అదనంగా తీసుకో, విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదాన్ని చీలిక దగ్గర రెండుగా కోసి పారేయ్, లేకపోతే ఇంకెవరో దాన్నే తీసి బిగిస్తారు.